కిడ్నీలో ఆడ, మగ తేడా: ఈస్ట్రోజన్ కంటే ముందు టెస్టోస్టిరాన్‌ని అనుమానించండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం చిట్టెలుకల కిడ్నీలో ఏ జన్యువు ఎంత పని చేస్తోందో కొలవబోతున్నారు. మగవాటితోనే చెయ్యమని గైడు గారు అన్నారు. ఆడవాటిలో హార్మోన్లు రోజుకో తీరుగా ఉంటాయి, డేటా చెడుతుందని ఆయన భయం. కిడ్నీ సంతానానికి సంబంధించిన అవయవం కాదు కదా, దాని జన్యువులతో సెక్స్ హార్మోన్లకు ఏం పని అని మీ సందేహం. "ఆడవాళ్ల కిడ్నీని ఈస్ట్రోజన్ కాపాడుతుంది" అని ఎక్కడో చదివారు. మీ ఊరి డయాలసిస్ సెంటర్లో మగవాళ్లే ఎక్కువగా కనిపిస్తే అది నిజమే అనిపించింది.

ముందు జవాబు చెప్పేస్తాను. కిడ్నీ జన్యువుల్లో ఆడ, మగ తేడా తెచ్చేది ముఖ్యంగా టెస్టోస్టిరాన్. అది కూడా కిడ్నీ అంతటా కాదు, ఎక్కువగా ప్రాక్సిమల్ ట్యూబ్యూల్ (వడకట్టిన ద్రవం మొదట ప్రవహించే సన్న గొట్టం) కణాల్లో. ఈస్ట్రోజన్‌కు పాత్ర లేదని కాదు. జన్యువులను నేరుగా పెంచి తగ్గించే పనిలో దాని వాటా చిన్నది. ఇదంతా చిట్టెలుకల్లో గట్టిగా తేలిన విషయం. మనుషుల్లో తేడా ఉంది కానీ అంత పెద్దగా లేదు. డయాలసిస్ సెంటర్ సంగతికి హార్మోన్లు కొంతవరకే కారణం.

నేను డాక్టర్ని కాదు. ఇరవై ఏళ్లకు పైగా ఎలుకల, చిట్టెలుకల కిడ్నీల మీద ల్యాబ్‌లో పని చేసిన మనిషిని. కాబట్టి మందుల విషయం వచ్చినప్పుడు నా మాట కంటే మీ నెఫ్రాలజిస్టు మాటకే విలువ ఇవ్వండి.

ఈ విషయం ఎవరికి చెప్పాల్సి వచ్చినా నేను క్లోరోఫామ్ కథతోనే మొదలుపెడతాను. క్లోరోఫామ్ ఆవిరి తగిలితే మగ చిట్టెలుకలు కిడ్నీ పాడై చచ్చిపోతాయి, అదే గదిలో ఉన్న ఆడవాటి కిడ్నీలకు ఏమీ కాదు. ఎషెన్‌బ్రెన్నర్, మిల్లర్ అనే ఇద్దరు 1945లోనే దీని మీద పేపరు రాశారు. వృషణాలు తీసేసిన మగవి తట్టుకున్నాయి. టెస్టోస్టిరాన్ ఇచ్చిన ఆడవాటికి మగవాటి గతే పట్టింది. అసలు కారణం చాలా ఏళ్లకు తెలిసింది. సీవైపీ2ఈ1 అనే ఎంజైమ్ తయారుచేసే జన్యువు మగ చిట్టెలుక కిడ్నీలో జోరుగా పని చేస్తుంది, ఆడదానిలో చాలా తక్కువ. ఆ ఎంజైమ్ క్లోరోఫామ్‌ని ఫాస్జీన్‌గా మారుస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువుగా వాడిన ఫాస్జీనే అది. అంటే మగ కిడ్నీ తన విషాన్ని తనే వండుకుంటోంది, పొయ్యి వెలిగిస్తున్నది టెస్టోస్టిరాన్. మీ మొదటి ప్రశ్నకు ఇంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు.

ఆ తేడా కంటికి కూడా కనిపిస్తుంది. మైక్రోస్కోపు కింద మగ చిట్టెలుక కిడ్నీ చూస్తే బౌమన్ క్యాప్సూల్ (రక్తాన్ని వడకట్టే రక్తనాళాల ఉండ చుట్టూ ఉండే గిన్నె) గోడ కణాలు ఎత్తుగా, ఘనాకారంలో ఉంటాయి. ఆడదానిలో పలచగా పరుచుకుని ఉంటాయి. అలవాటైన వాళ్లు చీటీ చూడకుండానే ఇది మగది, ఇది ఆడది అని చెప్పేస్తారు. మా ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లకు ఇదే మొదటి పరీక్షగా పెట్టేవాళ్లం.

ఇక హార్మోను ఈ పని ఎలా చేస్తుందో చూద్దాం. టెస్టోస్టిరాన్ కొవ్వులో కరిగే పదార్థం కాబట్టి కణం పొర దాటి సులువుగా లోపలికి వెళ్లిపోతుంది. లోపల దాని కోసం ఆండ్రోజన్ రిసెప్టర్ అనే ప్రొటీన్ కాచుకుని ఉంటుంది. రెండూ కలిశాక కేంద్రకంలోకి వెళ్లి డీఎన్‌ఏ మీద తమకు సరిపోయే చోట, సుమారు 15 అక్షరాల పొడవున్న ఒక గుర్తు దగ్గర కూర్చుంటాయి. అక్కడి నుంచి దగ్గరలోని జన్యువు ఆర్‌ఎన్‌ఏ తయారీని పెంచుతాయి, కొన్నిచోట్ల తగ్గిస్తాయి. ఇంతవరకు పాఠ్యపుస్తకంలో ఉన్నదే.

విద్యార్థులు సాధారణంగా ఆగిపోయేది దీని తర్వాతి మెట్టు దగ్గర. అదే టెస్టోస్టిరాన్, అదే రిసెప్టర్ ప్రోస్టేట్‌లోనూ ఉన్నాయి. మరి ప్రోస్టేట్ జన్యువులు కిడ్నీలో ఎందుకు లేవవు? డెల్టాలో కాలవల కింద వ్యవసాయం చూసినవాళ్లకు ఇది చెప్పడం తేలిక. నీళ్లు వదలమని పైనుంచి వచ్చే ఆర్డరు అన్ని కాలవలకూ ఒకటే. లస్కరు వెళ్లి షట్టరు తిప్పిన తూము కిందే పొలం తడుస్తుంది. ప్రాక్సిమల్ ట్యూబ్యూల్‌లో ఆ లస్కర్లు హెచ్‌ఎన్‌ఎఫ్1, హెచ్‌ఎన్‌ఎఫ్4ఎ లాంటి ప్రొటీన్లు. ఆ కణానికి దాని గుణం ఇచ్చేవి అవే. డీఎన్‌ఏలో ఏ భాగం తెరిచి ఉండాలో అవి ముందే సిద్ధం చేసి ఉంచుతాయి. ఆండ్రోజన్ రిసెప్టర్ తెరిచి ఉన్న చోటే పని చేయగలదు. అందుకే కిడ్నీలో టెస్టోస్టిరాన్ మార్చేవి చాలావరకు ట్యూబ్యూల్ మామూలుగా చేసే పనులకు సంబంధించిన జన్యువులే: రవాణా ప్రొటీన్లు, మందులను, విషాలను మార్చే ఎంజైములు, కొవ్వు ఆమ్లాల వాడకం.

దీని మీద నేను చూసిన వాటిలో చాలా శుభ్రమైన పని 2023లో వచ్చింది, సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలో ఆండ్రూ మెక్‌మాన్ బృందానిది. అందులో మీకు పనికొచ్చేవి చెబుతాను. పుట్టినప్పుడు ఆడ, మగ చిట్టెలుకల కిడ్నీల్లో ఇంత తేడా ఉండదు. నాలుగో వారానికీ ఎనిమిదో వారానికీ మధ్య, అంటే వాటికి ఈడొచ్చే సమయంలో, తేడా స్థిరపడుతుంది. హార్మోన్లు ఇచ్చి చూసినా, రిసెప్టర్ల జన్యువులను తీసేసి చూసినా ట్యూబ్యూల్ కణాల్లో పని నడిపిస్తున్నది ఆండ్రోజన్ రిసెప్టరే అని తేలింది. ఈస్ట్రోజన్ రిసెప్టర్‌ని తీసేస్తే అంత మార్పు రాలేదు. లివర్‌లో కథ వేరుగా ఉంటుంది. అక్కడ ఆడ, మగ తేడాని ఎక్కువగా నడిపేది గ్రోత్ హార్మోన్. మగవాటిలో అది దఫదఫాలుగా ఎగిసి పడుతుంది, ఆడవాటిలో దాదాపు ఎడతెగకుండా కారుతుంది. లివర్ ఆ లయను చదువుకుంటుంది, కిడ్నీ టెస్టోస్టిరాన్‌ని సూటిగా వింటుంది. లివర్ డేటా చూసి కిడ్నీ గురించి రాసేవాళ్లు బోల్తా పడేది ఇక్కడే.

అదే పేపర్లో ఇంకో మాట ఉంది, నాకు వ్యక్తిగతంగా తగిలింది. తిండి తగ్గిస్తే మగ చిట్టెలుక కిడ్నీ జన్యువుల తీరు ఆడదాని వైపు జరుగుతుందట. అది చదివాక మా పాత గొడవ ఒకటి గుర్తొచ్చింది. ఒకసారి ఆరు మగ శాంపిళ్లలో రెండు అటూ ఇటూ కాకుండా మధ్యలో వచ్చాయి. చీటీలు తారుమారయ్యాయని నేను ఒక పిల్లవాడి మీద అరిచాను కూడా. తీరా చూస్తే రెండింటిలోనూ వై క్రోమోజోమ్ మీద ఉండే డీడీఎక్స్3వై చక్కగా ఉంది, ఆడవాటిలో మాత్రమే బాగా కనిపించే ఎక్సిస్ట్ లేదు. అవి నిఖార్సైన మగవే. పంజరాల రిజిస్టరు తిరగేస్తే ఆ రెండూ ఒకే పంజరంలోవి, వీపు మీద, తోక మీద కాట్లు, బరువు తక్కువ. బలమైన మగది వాటిని తిండి దగ్గరికి రానివ్వలేదు. అలా అణిగి ఉండే మగ చిట్టెలుకల్లో టెస్టోస్టిరాన్ కూడా తగ్గుతుంది. తిండి వల్ల మారిందా, హార్మోను వల్ల మారిందా అన్నది ఇప్పుడు తేల్చలేం, ఆ శాంపిళ్లు ఎప్పుడో అయిపోయాయి. ఆ పిల్లవాడికి సారీ చెప్పాను. అప్పటి నుంచి కిడ్నీ తీసేటప్పుడే సెమినల్ వెసికిల్స్ (వీర్యంలోని ద్రవం తయారుచేసే గ్రంథులు, టెస్టోస్టిరాన్‌ని బట్టి పెరిగి తరుగుతాయి) కూడా తీసి తూకం వేయడం అలవాటు చేసుకున్నాం. రక్తంలో టెస్టోస్టిరాన్ గంటగంటకీ మారుతుంది, ఒక్క శాంపిల్‌తో ఏమీ తెలియదు. వెసికిల్స్ బరువు మాత్రం కొన్ని వారాల లెక్క ఒక్కసారే చెబుతుంది. ఖర్చు కూడా లేదు, తక్కెడ ఉంటే చాలు.

మీ గైడు గారి భయం సంగతికి వద్దాం. పెద్దవారు, ఆయన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, మా తరం అంతా అదే నమ్మాం. కానీ 2014లో 293 పేపర్లలోని చిట్టెలుకల కొలతలు కలిపి చూస్తే, హార్మోన్ల చక్రం ఏ దశలో ఉందో పట్టించుకోకుండా తీసుకున్న ఆడవాటిలో హెచ్చుతగ్గులు మగవాటి కంటే ఎక్కువ లేవు. పైన చెప్పిన పంజరం గొడవ మగవాటిదే కదా! అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ కూడా తాను డబ్బిచ్చే జంతు ప్రయోగాల్లో ఆడ, మగ రెండింటినీ లెక్కలోకి తీసుకోవాలని 2016 నుంచి అడుగుతోంది. కిడ్నీ విషయంలోనైతే ఒక్క మగవాటితోనే చేస్తే మీరు చూసేది టెస్టోస్టిరాన్‌లో నానిన ట్యూబ్యూల్‌ని. దాన్ని మామూలు కిడ్నీ అనుకుంటే అక్కడే పొరపాటు.

ఈస్ట్రోజన్ కాపాడుతుందన్న మాటలో సగం నిజం ఉంది. కాసేపు కిడ్నీకి రక్తం ఆపి మళ్లీ వదిలితే మగ చిట్టెలుకల కిడ్నీ ఎక్కువగా దెబ్బతింటుంది. ఇది చూసినవాళ్లు ఆడవాటిని ఈస్ట్రోజన్ రక్షిస్తోంది అనుకున్నారు. 2004లో జోసెఫ్ బాన్‌వెంట్రే బృందం వేసిన పేపరు మాత్రం ఆ ఎక్కువ నష్టానికి కారణం టెస్టోస్టిరానే అని చూపించింది. వృషణాలు తీసేస్తే మగవాటికి రక్షణ వచ్చింది. అంటే చాలాసార్లు మనం "ఆడ రక్షణ" అంటున్నది టెస్టోస్టిరాన్ లేకపోవడమే. ఇంటికి కాపలావాడు ఉన్నాడా, లేక ఆ వీధిలో దొంగలే లేరా? పొద్దున ఇల్లు భద్రంగా ఉండటం చూసి ఈ రెండింటిలో ఏదో చెప్పలేం.

ఈస్ట్రోజన్ నిజంగా పని చేసే చోట్లు వేరే ఉన్నాయి. కాల్షియం ఒకటి. మూత్రంలోకి పోతున్న కాల్షియాన్ని వెనక్కి లాగే టీఆర్‌పీవీ5 అనే ద్వారం డిస్టల్, అంటే చివరి వైపు ట్యూబ్యూల్‌లో ఉంటుంది. అండాశయాలు తీసేసిన ఎలుకలకు ఈస్ట్రోజన్ ఇస్తే దాని ఆర్‌ఎన్‌ఏ పెరిగింది, చురుకైన విటమిన్ డి తయారుచేసుకోలేని చిట్టెలుకల్లో కూడా. ముట్లు ఆగిన తర్వాత మూత్రంలో కాల్షియం పెరగడానికి ఇదొక కారణం. రక్తనాళాల మీద, గ్లోమెరులస్ అనే వడపోత ఉండలోని కణాల మీద కూడా దాని ప్రభావం ఉంది. కానీ ఈస్ట్రోజన్ ఎప్పుడూ మంచే చేస్తుందని అనుకోకండి. ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటిని దెబ్బతీసే లూపస్ అనే జబ్బు వచ్చేవాళ్లలో పదికి తొమ్మిది మంది ఆడవాళ్లు, కిడ్నీని కాటేసే జబ్బుల్లో అదొకటి. నోటి ద్వారా తీసుకునే ఈస్ట్రోజన్ లివర్‌లో యాంజియోటెన్సినోజెన్ (బీపీ పెంచే హార్మోనుకు ముడిసరుకు) తయారీని పెంచుతుంది. కొందరికి మాత్రలతో బీపీ పెరగడం వెనక అది కూడా ఉంది.

ఉప్పు, నీళ్ల విషయంలో ఎలుకల్లో చేసిన ఒక పని నాకు చాలా ఇష్టం, ఎలిషియా మెక్‌డొనో బృందం 2017లో ప్రచురించింది. ఆడ ఎలుకల్లో పై కాలవ, అంటే ప్రాక్సిమల్ ట్యూబ్యూల్, సోడియం తక్కువగా పట్టుకుంటుంది. కింది కాలవ ఎక్కువగా పట్టుకుంటుంది. మొత్తం లెక్క సరిపోతుంది, పద్ధతి వేరు. ఉప్పునీళ్లు ఒక్కసారిగా ఎక్కిస్తే ఆడవి త్వరగా బయటికి పంపేశాయి. గర్భం, పాలివ్వడం లాంటి పెద్ద మార్పులకు సిద్ధంగా ఉండటానికి ఇలా అమరిందని వాళ్ల ఊహ. నాకూ సబబుగానే అనిపిస్తుంది.

ప్రొజెస్టిరాన్‌ని అందరూ మర్చిపోతారు. ఉప్పుని పట్టి ఉంచే ఆల్డోస్టిరాన్‌కు ఒక రిసెప్టర్ ఉంది, ప్రొజెస్టిరాన్ దాని మీద కూర్చుని మామూలుగా దాన్ని అడ్డుకుంటుంది. 2000 సంవత్సరంలో గెల్లర్, లిఫ్టన్ బృందం ఒక కుటుంబంలో ఆ రిసెప్టర్‌లో 810వ అమైనో ఆమ్లం మారిపోయి ఉండటం చూసింది, సెరీన్ ఉండాల్సిన చోట ల్యూసీన్. ఆ ఒక్క మార్పుతో ప్రొజెస్టిరాన్ అడ్డుకోవడం మానేసి రిసెప్టర్‌ని ఆన్ చేయడం మొదలుపెట్టింది. అలాంటి ఆడవాళ్లకు గర్భంలో ప్రొజెస్టిరాన్ ఎన్నో రెట్లు పెరిగేసరికి బీపీ విపరీతంగా ఎక్కేది. ఈ హార్మోన్ల రిసెప్టర్లు ఒకదానికొకటి చుట్టాలు. ఆ చుట్టరికం తిరగేస్తే ఇంకో సంగతి అర్థమవుతుంది. ఆల్డోస్టిరాన్‌ని అడ్డుకోవడానికి వాడే స్పైరనోలాక్టోన్ ఆండ్రోజన్ రిసెప్టర్‌ని కూడా అడ్డుకుంటుంది, అందుకే కొందరు మగవాళ్లకు రొమ్ములు వాస్తాయి.

ఇప్పుడు అసలు జాగ్రత్త: చిట్టెలుక మనిషి కాదు. క్లోరోఫామ్ కథలోని ఎంజైమ్ మనిషి కిడ్నీలో చాలా తక్కువ, కాబట్టి ఆ కథని మగవాళ్లకు అంటగట్టకండి. మెక్‌మాన్ బృందం కూడా మనుషుల కిడ్నీల్లో పోల్చి చూస్తే చిట్టెలుకలతో కలిసిన జన్యువులు కొద్దిగానే దొరికాయి. 2020లో జీటెక్స్ అనే పెద్ద ప్రాజెక్టు మనిషి శరీరంలో 44 రకాల కణజాలాలు చూసి, 37 శాతం జన్యువులు కనీసం ఒక్క చోటైనా ఆడ, మగ తేడా చూపిస్తాయని చెప్పింది. అయితే ఆ తేడాలు చాలావరకు చిన్నవి. ఇక్కడ నా సొంత అనుమానం ఒకటి ఉంది. చిట్టెలుకలను నవయవ్వనంలో, ఒకే తిండి పెట్టి, ఒకే జాతివి తీసుకుంటాం. మనుషుల కిడ్నీ ముక్కలు ఎక్కువగా ఆపరేషన్లలోనో చనిపోయాకో దొరుకుతాయి, వాళ్లలో వయసు మళ్లినవాళ్లే ఎక్కువ. ముట్లు ఆగిన ఆవిడనీ, టెస్టోస్టిరాన్ తగ్గిన పెద్దాయననీ పోలిస్తే తేడా మసకబారక ఏం చేస్తుంది? పాతికేళ్ల వాళ్లలో చూస్తే ఎలా ఉండేదో.

డయాలసిస్ సెంటర్ విషయం. చాలా దేశాల లెక్కల్లో దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ, డయాలసిస్ దాకా వచ్చినవాళ్లలో మగవాళ్లు ఎక్కువ. మగవాళ్లలో జబ్బు సగటున త్వరగా ముదురుతుంది, అందులో హార్మోన్ల వాటా ఉండొచ్చు. పొగతాగడం, బీపీ, ఎండలో పని కూడా ఉన్నాయి. ఆపైన మన ఇళ్ల సంగతి. వారానికి మూడుసార్లు బస్సెక్కి వెళ్లే వైద్యం ఎవరికి చేయిస్తారు, ఎవరు "నాకేం ఫర్లేదులే" అంటారు? మన దేశంలో బతికుండగా కిడ్నీ ఇచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, పుచ్చుకునేవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లు. దీన్ని ఏ రిసెప్టరూ వివరించదు. ఈ లెక్కన శ్రీకాకుళం ఉద్దానం గురించి కూడా నన్ను అడుగుతుంటారు. కవిటి, సోంపేట, కంచిలి వైపు జబ్బుకి కారణం ఇంకా తేలలేదు. అక్కడ నీళ్లు, ఎండ, పని పరిస్థితులు అన్నీ పరిశీలనలో ఉన్నాయి. హార్మోన్లతో దాన్ని వివరించే ప్రయత్నం నేను చేయను.

క్రియాటినిన్ దగ్గర కూడా ఒక చిక్కు ఉంది. కిడ్నీ పనితీరు తెలుసుకోవడానికి రక్తంలో కొలిచే ఆ పదార్థం కండ నుంచి వచ్చేది. టెస్టోస్టిరాన్ కండ పెంచితే కిడ్నీలో ఏ మార్పూ లేకపోయినా క్రియాటినిన్ పెరుగుతుంది. క్రియాటినిన్ నుంచి కిడ్నీ ఎంత వడకడుతోందో లెక్కగట్టే 2021 నాటి సీకేడీ-ఈపీఐ ఫార్ములాలో ఆడవాళ్లకు 0.7, మగవాళ్లకు 0.9 అని వేర్వేరు అంకెలు పెట్టింది అందుకే. జిమ్‌కి వెళ్లే కుర్రాడి క్రియాటినిన్ కాస్త ఎక్కువ ఉంటే కండతో అంతగా మారని సిస్టాటిన్ సి అనే ప్రొటీన్ కూడా చూడమని డాక్టర్లు అనేది ఇందుకే. అలాగని స్టెరాయిడ్ ఇంజెక్షన్లు క్షేమం అనుకోవద్దు. 2010లో అమెరికాలో చాలాకాలం అనబాలిక్ స్టెరాయిడ్లు వాడిన పదిమంది బాడీబిల్డర్ల బయాప్సీలు ప్రచురించారు. తొమ్మిదిమందిలో గ్లోమెరులస్‌లకు మచ్చలు కట్టే ఎఫ్‌ఎస్‌జీఎస్ ఉంది. అందులో హార్మోను పాలు ఎంత, భారీ శరీరం, ప్రొటీన్ పాలు ఎంత అన్నది విడదీయడం కష్టం. మా బంధువుల అబ్బాయి ఒకడు ఇలాగే "కండ వల్లే బాబాయ్" అంటూ రిపోర్టు చూపించాడు. మూత్రంలో ప్రొటీన్ చూపించుకోరా అన్నాను. కండ వల్ల క్రియాటినిన్ పెరగొచ్చు కానీ మూత్రంలో ప్రొటీన్ కారిపోదు.

చివరిగా మీ ప్రాజెక్టు. డబ్బు ఆరు చిట్టెలుకలకే ఉంటే మూడు మగ, మూడు ఆడ తీసుకోండి, అది చిన్న సంఖ్యే అని థీసిస్‌లో ఒప్పుకోండి. ఎనిమిది వారాలు దాటినవే తీసుకోండి, నాలుగు వారాలవి వద్దు. కాస్త వీలుంటే వృషణాలు తీసేసిన మగవి ఒక గుంపు, తీసేసి టెస్టోస్టిరాన్ ఇచ్చినవి ఇంకో గుంపు పెట్టండి, ఎథిక్స్ కమిటీకి దరఖాస్తు ఇప్పుడే వేయాలి. డేటా రాగానే ముందు ఎక్సిస్ట్, డీడీఎక్స్3వై చూడండి, అవి క్రోమోజోమ్ సంగతి చెబుతాయి. ఆ తర్వాత సీవైపీ2ఈ1, ఇంకా కేఏపీ అనే ఆండ్రోజన్‌కి లేచే జన్యువు చూడండి, అవి హార్మోను సంగతి చెబుతాయి. వృషణాలు తీసేసిన మగదానిలో మొదటి జంట మగ అంటుంది, రెండో జంట దాదాపు ఆడ అంటుంది. అలా రాకపోతే పంజరాల రిజిస్టరు తెరవండి, ఎవరి మీదా అరవకముందే. అంకెలు వచ్చాక ఇక్కడ పెట్టండి, నేను చూస్తాను.